మా తాత ఇరిగేషన్‌లో చేసేవాడు

2018 మే నెలలో ఆఫీసు పని మీద మూడు వారాలు మిలాన్‌లో ఉన్నాను. ఒక శనివారం పొద్దున్నే మిలానో సెంట్రాలే స్టేషన్లో రైలెక్కి వరెన్నా అనే చిన్న ఊరికి వెళ్లాను. గంట ప్రయాణం. కోమో సరస్సు ఒడ్డున, కొండకు అతుక్కున్నట్టుగా ఎరుపు, పసుపు, కావి రంగు ఇళ్లు. ఇళ్ల మధ్య మనిషి పట్టేంత సందులు, రాతి మెట్లు. మెట్లు దిగితే నీళ్లు. అంతే ఊరు.

అక్కడికి వెళ్లేముందు రెండు రాత్రులు కూర్చుని చదివాను. నాకు అదో జబ్బు, ఏ ఊరికి వెళ్లినా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియకపోతే తోచదు. ఆ సరస్సు లోపల కొమచీనా అని ఒక చిన్న దీవి ఉంది. 1169లో కోమో పట్టణం వాళ్లు దాన్ని నేలమట్టం చేస్తే, అక్కడి జనం పడవల్లో పారిపోయి వచ్చి వరెన్నాలో తలదాచుకున్నారు. వాళ్లతో వచ్చిన సన్యాసినుల మఠమే తర్వాతి రోజుల్లో విల్లా మొనాస్టెరో అయింది. ఇప్పుడు దాని తోట టికెట్టు కొనుక్కుని చూడొచ్చు. 1953 నుంచి ఇటలీ భౌతికశాస్త్రజ్ఞులు ఆ భవనంలోనే వేసవి బడి నడుపుతున్నారు. 1954లో ఎన్రికో ఫెర్మి అక్కడికి వచ్చి పాఠాలు చెప్పి, అదే ఏడాది నవంబరులో చనిపోయాడు. ఆ బడికి ఇప్పుడు ఆయన పేరే. ఇంజనీరింగ్ చదివినవాడికి ఇలాంటి చోట నిలబడితే ఒళ్లు కొంచెం పులకరిస్తుంది. నాకూ పులకరించింది.

ఫొటోలు తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్క గుండె బొమ్మలు పెట్టింది. అమ్మ ‘మంచిగున్నవ్, స్వెటర్ వేసుకో’ అంది. బాపు ఎప్పుడూ గ్రూపులో మాట్లాడడు. ఆ రోజు మాత్రం ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు.

“మంచిగున్నది చెర్వు. గని మత్తడి ఏ దిక్కున్నదిరా? తూములెన్ని?”

నవ్వొచ్చింది. నవ్వే బొమ్మ ఒకటి పెట్టి, “బాపూ, అది చెరువు కాదు, సరస్సు. దేవుడు చేసింది. మత్తడి ఉండదు,” అని రాశాను. నిజమే, కోమో హిమానీనదాలు తొలిచిన లోయ. నాలుగు వందల మీటర్లకు పైనే లోతు. దాన్ని ఎవరూ తవ్వలేదు, కట్ట పోయలేదు. బాపు మళ్లీ ఏమీ అనలేదు.

ఆ ప్రశ్న ఎంత సరైన ప్రశ్నో నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది.

*

మాది జఫర్‌గఢ్. స్టేషన్ ఘన్‌పూర్‌కూ వర్ధన్నపేటకూ మధ్యలో ఉంటుంది. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. గుట్ట మీద పాత కోట గోడలు, వేల్పుగొండ లక్ష్మీనరసింహస్వామి గుడి, కింద చెరువు. జఫరుద్దౌలా పేరు మీద ఊరికి ఆ పేరొచ్చిందని పెద్దలు చెప్తారు. వరెన్నా గురించి రెండు రాత్రులు చదివిన నేను మా ఊరి గురించి రెండు పేజీలు కూడా చదవలేదు. ఊళ్లో పుట్టినవాడికి ఊరు ఒక చూడదగ్గ చోటులా కనిపించదు. కానీ నా విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివేటప్పుడూ, తర్వాత ఉద్యోగంలోనూ, “మీ ఫాదర్ ఏం చేస్తారు, గ్రాండ్‌ఫాదర్ ఏం చేసేవారు” అని అడిగేవాళ్లు చాలామందే తగిలారు. వాళ్లకు కావలసింది వృత్తి కాదని మనకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. బాపు గుమాస్తా అని చెప్పేవాణ్ని. తాత గురించి అడిగితే, “ఇరిగేషన్‌లో చేసేవాడు” అనేవాణ్ని. ఈ మాట నేను కనిపెట్టింది కాదు. బాపు దగ్గర నేర్చుకున్నదే. నా చిన్నప్పుడు ఎవరైనా కొత్తవాళ్లు ఇంటికొస్తే బాపు, “మా నాయిన ఇరిగేషన్‌ల చేసేటోడు” అనేవాడు. నేను చాలా రోజులు తాత ప్యాంటు వేసుకుని, ఫైళ్లు పట్టుకుని, జీపులో తిరిగేవాడని ఊహించుకున్నాను.

తాత నీరడి.

పట్నంలో పెరిగినవాళ్లకు ఈ మాట తెలియకపోవచ్చు. మస్కూరి, సేత్‌సింధి, నీరడి అని ఊళ్లో గ్రామసేవకులు ఉండేవాళ్లు. నీరడి పని చెరువు నీళ్లు చూసుకోవడం. ఎప్పుడు తూము ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఎవరి మడికి ముందు, ఎవరి మడికి తర్వాత, ఎప్పుడు మూయాలి. యాసంగికి నీళ్లు తక్కువైతే పెద్దమనుషులు కూర్చుని తైబందీ చేసేవాళ్లు, అంటే ఉన్న నీళ్లకు ఎన్ని ఎకరాలు పారతాయో లెక్కగట్టి పంచేవాళ్లు. ఆ పంపకాన్ని రాత్రీ పగలూ నిలబడి అమలుచేసేది నీరడి. జీతం కల్లం కాడ కొలిచిచ్చే గింజలు. ఊరంతటికీ నీళ్లు తిప్పే మనిషే గానీ అతని కుటుంబం నీళ్లు చేదుకునే బావి వేరు. అడక్కుండానే కులం తెలిసిపోయే పనులు కొన్ని ఉంటాయి. అది అలాంటిది.

*

2021లో కరోనా మూలంగా ఊర్లోనే ఉండి పనిచేసుకుంటున్నాను. జూలై 25న రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిందని వార్త. వరల్డ్ హెరిటేజ్ కమిటీ 44వ సమావేశం చైనాలోని ఫుజౌ నుంచి ఆన్‌లైన్లో జరిగింది. మరుసటి రోజు నా ఆఫీసు గ్రూపులో అందరూ ఫొటోలు పెట్టారు. ఒక కొలీగ్, “మీ వైపే కదా, ఎన్నిసార్లు వెళ్లావు?” అని అడిగాడు. నాకు అప్పటికి ముప్పై రెండేళ్లు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. వరెన్నాకు వెళ్లాను.

ఆ ఏడు బతుకమ్మకు ముందు, వానలు కాస్త తెరిపిచ్చాక, బాపును కారులో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. వర్ధన్నపేట, వరంగల్, ములుగు దాటి, జంగాలపల్లి దగ్గర తిరిగితే పాలంపేట. చిన్న ఊరు. అటూ ఇటూ వరి పొలాలు, వెనకాల అడవి గుట్టలు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇక్కడ ఒక సైన్యాధికారి ముందు ఊరు, గుడి, చెరువు, ఈ మూడూ కలిపి తలపెట్టాడు. కాకతీయుల పద్ధతే అది. ఒకటి లేకుండా ఇంకోటి నిలవదు. గుడికి ధూపదీపాలు పొలం నుంచి రావాలి, పొలానికి నీళ్లు చెరువు నుంచి రావాలి, చెరువును చూసుకోవడానికి ఊరు ఉండాలి.

ఆ అధికారి రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడి సేనాని. గుడి ఆవరణలో చిన్న మంటపం కింద శాసన స్తంభం ఉంది. అది 1213 నాటిది. ఇటలీలో కొమచీనా దీవి తగలబడడానికి ఆరేళ్ల ముందే, 1163లో, హనుమకొండలో వేయిస్తంభాల గుడి శాసనం పడింది. నాకు ఇలాంటి తేదీలు పక్కపక్కన పెట్టుకోవడం ఇష్టం. వరెన్నా మఠం గోడలు లేస్తున్న కాలమూ కాకతీయులు చెరువులు తవ్విస్తున్న కాలమూ ఇంచుమించు ఒకటే.

గుడి గురించి చాలామంది రాశారు. నక్షత్రంలా మలిచిన ఎత్తైన అరుగు. ఎర్రటి ఇసుకరాయి గోడలు. స్తంభాలూ, చూరు కింద వాలుగా నిలబడ్డ మదనికలూ మాత్రం నల్లరాతివి. ఆ రాయి అద్దంలా నునుపు తేలింది. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, పై బరువు తగ్గించడానికి. పునాదిలో గొయ్యి తీసి ఇసుక నింపారు, కింద నేల కదిలినా కుదుపు పైకి రాకుండా. పైన బరువు తగ్గించు, కింద అదురు మింగించు. పని తెలిసినవాళ్ల ఆలోచన. 1922లో నిజాం రాజ్యపు పురావస్తు శాఖ డైరెక్టరు గులాం యజ్దానీ ఈ గుళ్ల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశాడు. ఈ శిల్పాల భంగిమలూ, జాయప సేనాని రాసిన నృత్తరత్నావళీ ఆధారంగానే నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్లీ నిలబెట్టాడు.

నేను ఇవన్నీ బాపుకు చెప్తున్నాను. ఆయన వింటున్నాడో లేదో తెలియదు. ఒక మదనిక దగ్గర కాసేపు ఆగాడు. నంది చుట్టూ తిరిగాడు. తర్వాత, “చెర్వెక్కడ?” అన్నాడు.

*

చెరువు గుడికి కిలోమీటరు దూరం. రెండు గుట్టల నడుమ కట్ట పోస్తే నీళ్లు వెనక్కి, అడవిలోకి పరుచుకున్నాయి. కట్ట పొడుగునా అక్కడక్కడ శిథిలమైన చిన్న గుళ్లున్నాయి. పర్యాటక శాఖ వాళ్ల కాటేజీలు, పడవలు. ఆ రోజు మబ్బు పట్టి నీళ్లు సీసం రంగులో ఉన్నాయి. నిజం చెప్పాలంటే కోమో కంటే బాగుంది అనను. వేరే రకంగా బాగుంది. కోమో చూస్తే మనిషి చిన్నవాడనిపిస్తుంది. ఇక్కడ అలా అనిపించదు. అవతలి గుట్ట ఎంత దూరమో, కట్ట ఎంత ఎత్తో, మనిషి కంటికి అందుతుంది. ఎవరో కొలిచే పోశారు కాబట్టి.

బాపు చెప్పులు విడిచి కట్ట మీద నడిచాడు. గుడి దగ్గర లేని చురుకు వచ్చింది. ఒకచోట వంగి కట్ట వాలు చూశాడు. “ఎండ్రికాయల బొక్కలు చూడాలె. సన్న బొక్కే అనుకుంటం. అండ్ల నుంచే ఊట పెడ్తది. రాత్రికి కట్ట తెగుతది,” అన్నాడు. నాకు కాదు, తనలో తనే అనుకున్నట్టుగా. తర్వాత తూము దగ్గర కూర్చుని, నేను అడక్కుండానే, తాత గురించి మాట్లాడాడు. నా ముప్పై రెండేళ్లలో మొదటిసారి.

తాత వానాకాలం కట్ట మీదే పడుకునేవాడట. ముసురు పట్టిన రాత్రి ఇంటికి వచ్చేవాడు కాదు. తూము కంతలో చెత్త అడ్డం పడితే నీళ్లలోకి మునిగి చేత్తో తీయాలి. మునిగి మునిగి ఎడమ చెవి పోయింది. తాత పెద్దగా అరిచినట్టు మాట్లాడేవాడని నాయినమ్మ చెప్పేది, కోపిష్టి అనుకున్నాను. చెవుడు. బాపుకు పదేళ్లప్పటి నుంచే తూము కర్ర పట్టడం నేర్పాడట. ఎనిమిదో తరగతిలో ఒక సారు హాజరు పిలిచేటప్పుడు బాపును పేరుతో కాకుండా, “ఏరా నీరడీ” అని పిలిచేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. “ఆ నాడే అనుకున్న, ఈ పని నాతోటే బందు కావాలె అని,” అన్నాడు బాపు. పది పాసయ్యాడు, పట్నం పోయాడు, గుమాస్తా అయ్యాడు. తాత చనిపోయాక తూము కర్ర ఇంకొకరి చేతికి పోయింది.

“మరి ఇరిగేషన్ అని ఎందుకు చెప్పేవాడివి?”

“అబద్దమా అది?” అన్నాడు.

అబద్ధం కాదు. ఇరిగేషన్ అంటే అదే. ఇంగ్లీషులో చెప్తే ఉద్యోగం, తెలుగులో చెప్తే కులం. అంతే తేడా.

*

తిరిగి వచ్చాక మళ్లీ నా జబ్బు మొదలైంది. ఈసారి చెరువుల మీద చదివాను. చదివే కొద్దీ ఒక చిన్న వ్యాకరణ విషయం గుచ్చుకోవడం మొదలుపెట్టింది. మన చరిత్ర పుస్తకాల్లో క్రియలన్నీ ఒకే రకం. రుద్రుడు గుడి కట్టించెను. గణపతిదేవుని మంత్రి బయ్యన నాయకుని కుమారుడు జగదాల ముమ్మడి పాకాల చెరువు తవ్వించెను. చెక్కించెను, నాటించెను, వేయించెను. బళ్లో వీటిని ప్రేరణార్థక క్రియలని చదువుకున్నాం. చేసినవాడు వాక్యంలోంచి మాయమై, చేయించినవాడు మిగిలే క్రియలు.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించింది. చెరువుల మీద ఇంత వివరంగా చెప్పిన శాసనం అరుదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్తుంది, ఆరు దోషాలు చెప్తుంది. ఇంజనీరుగా చదివితే ముచ్చటేస్తుంది, ఒక స్పెసిఫికేషన్ డాక్యుమెంటులా ఉంటుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాసి పెట్టారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కనీసం లెక్కపెట్టారు. బండ్లతో పాటు.

సాహిత్యంలో ఇంకో తమాషా. చెరువు మన కావ్యాల్లోకి, కథల్లోకి ఎక్కువగా కట్ట తెగే రోజునే వస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ తీసుకోండి. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కథ. కట్ట తెగకుండా ఒక ఇంటి కోడలు తనను తాను బలిచ్చుకుంటుంది. గొప్ప కథే. కానీ కట్ట తెగని రోజుల సంగతి? మూడువందల అరవై నాలుగు రోజులు ఎవరో బొక్కలు పూడ్చారు కాబట్టి తెగలేదు. అందులో కథ లేదు. నా ఉద్యోగంలోనూ అంతే. సిస్టమ్ పడిపోయిన రాత్రి లేచి నిలబెట్టినవాడికి చప్పట్లు. పడిపోకుండా చూసినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఈ పోలిక తేలికగా దొరికింది గానీ నాకే సిగ్గనిపించింది. నేను రాత్రి మేల్కొంటే మరుసటి రోజు సెలవిస్తారు. నా చెవి పోదు.

అయితే పాలంపేటలో ఒక విచిత్రం జరిగింది. గుడిలో వెలసిన దేవుడు రుద్రేశ్వరుడు, కట్టించిన రుద్రుడి పేరు మీద. శాసనం పొగిడింది కట్టించినవాణ్ని. కానీ జనం ఆ గుడిని రుద్రేశ్వరాలయం అనలేదు. రామప్ప గుడి అన్నారు. రామప్ప అంటే దాన్ని చెక్కిన శిల్పి అని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. చెరువు కూడా రామప్ప చెరువే. చివరికి యునెస్కో కూడా కాకతీయ రుద్రేశ్వరాలయం అని రాసి, పక్కన బ్రాకెట్లో రామప్ప అని పెట్టుకోవలసి వచ్చింది. చేయించినవాడి పేరు రాతి మీద ఉంది, చేసినవాడి పేరు నోటి మీద. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఏది గెలిచిందో బస్సు బోర్డు చూస్తే తెలుస్తుంది.

అప్పుడే కోమో సంగతి కూడా మళ్లీ చూశాను. బాపు అడిగిన ప్రశ్న మనసులో ఉండిపోయింది కాబట్టి. కోమోకు మత్తడి ఉంది. లెక్కో అనే పట్టణం దగ్గర అడ్డా నది సరస్సులోంచి బయటికి వస్తుంది. కాస్త దిగువన ఒల్జినాతే దగ్గర 1946 నుంచి గేట్లున్నాయి. దేవుడు చేసిన సరస్సే అయినా కింద పొలాలకు ఎప్పుడు ఎంత వదలాలి అనేది మనుషులే చూస్తారు. అంటే అక్కడా ఒక నీరడి ఉన్నాడు. నేను మఠం చూశాను, తోట చూశాను, ఫెర్మి బడి చూశాను. ఆ గేట్ల దాకా వెళ్లాలని తోచలేదు. బాపుకు మొదట తోచింది అదే.

*

తెలంగాణ వచ్చాక 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి చాలా చెరువుల పూడిక తీశారు. 2023లో గ్రామసేవకుల వ్యవస్థే రద్దయింది, వాళ్లను నీటిపారుదల శాఖతో సహా రకరకాల చోట్ల సర్దారు. ఆ వార్త చదివి బాపుకు ఫోన్ చేసి, “ఇప్పుడు నీరడోళ్లు నిజంగానే ఇరిగేషన్‌ల చేస్తున్నరు బాపూ,” అన్నాను. ఆయన నవ్వాడు. మేమిద్దరం ఆ మాట మీద నవ్వుకోవడం అదే మొదలు.

పోయిన కార్తీకంలో ఊరికి వెళ్లినప్పుడు సాయంత్రం ఒక్కణ్నే కట్ట మీదికి నడిచాను. కట్ట మైసమ్మ గద్దె దగ్గర ఒక ముసలాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను ఎగాదిగా చూసి అడిగాడు.

“ఎవల పిలగానివి బిడ్డా?”

మామూలుగా అయితే బాపు పేరూ, ఆయన చేసిన ఆఫీసూ చెప్పేవాణ్ని. నోరు తెరిచాక ఒక క్షణం ఆగాను. ముప్పై దాటినా, జీతం ఎంతున్నా, ఆ మాట గొంతులో అడ్డం పడడం మానదు.

“నీరడోళ్ల మనవణ్ని,” అన్నాను.

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. బీడీ ఆర్పి చెరువు వైపు చూశాడు. “అట్లనా. మరైతే నీకెరుకుండాలె. ఈ ఏడు యాసంగికి నీళ్లు ఎల్తయా?”

నాకు తెలియదు. బాపుకు ఫోన్ చేశాను. సంగతి చెప్పాను, ముసలాయన ఏమన్నాడో, నేను ఏమని చెప్పుకున్నానో కూడా. అవతల కొంచెంసేపు చప్పుడు లేదు.

“తూము కాడున్నవా?” అన్నాడు బాపు. “నీళ్లకూ పై అడ్డరాయికీ నడుమ ఎన్ని జానలున్నది?”

కట్ట దిగి, నీళ్ల అంచు దాకా పోయి, ఒక కన్ను మూసి, చెయ్యి చాపి కొలిచాను. “మూడు జానలు.”

“మూడా? సరిగ్గ చూడు.”

మళ్లీ చూశాను. “మూడే.”

“అయితే సగం ఆయకట్టుకు ఎల్తయని చెప్పు. చివరి మళ్లకు కష్టమని చెప్పు,” అన్నాడు. “ఎవలు చెప్పిన్రంటే నేను చెప్పిన్నను.”